కనబడలేదు అని రాసిన కాగితం

పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన తెల్లగుడ్డ మీద సున్నపు తేట చల్లితే ఎర్రటి మరకలు పడతాయి. చూసేవాళ్ళకి అది అచ్చం నెత్తురే. దెయ్యాన్ని గుడ్డలో బంధించాను, ఇదిగో దాని నెత్తురు, అని జనాన్ని బెదిరించే మాంత్రికుల గుట్టంతా ఇంతే. గుడివాడ, ఘంటసాల, అవనిగడ్డ, కోడూరు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి మా హేతువాద సంఘం తరపున సంచీ సర్దుకుని వెళ్ళి నేను ఆ గుట్టు విప్పేదాన్ని. గుడ్డ మీద మరకలు పడగానే ముందు వరసల్లో గుసగుసలు ఆగిపోయేవి. అప్పుడు నిమ్మచెక్క పిండేదాన్ని. ఎరుపు పోయి మళ్ళీ పసుపు వచ్చేది. ఎంత చవక దెయ్యమో చూడండి, అర నిమ్మచెక్కకే దిగిపోయింది, అనేదాన్ని. జనం నవ్వేవారు. ఆ నవ్వంటే నాకు చాలా ఇష్టం.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. అదే పసుపు, అదే సున్నం ఒకరోజు నా బల్ల మీదికి వస్తే నేను గుర్తుపట్టలేదు. ఆ కారణంగా ఒక ఆడమనిషికి ఊరు లేకుండా పోయింది.

మాది గుడివాడ. మా నాన్న హైస్కూలు మేష్టారు. ఆదివారం పొద్దున్నే మా ఇంటి వరండాలో పదిమంది చేరి మధ్యాహ్నం భోజనాల దాకా వాదించుకునేవారు. విధవా వివాహాల దగ్గర మొదలై పునర్జన్మ దాకా వెళ్ళేది వాదం. కాఫీలు అందిస్తూ నేను నేర్చుకున్నది ఒకటే. వాదం మొదలుపెట్టకముందే ఎదుటివాడి చేత ఒప్పించుకోవాలి: ఏది చూపిస్తే నువ్వు నీ మాట వదులుకుంటావు? అది ముందు చెప్పు. ఒకసారి అతను చెప్పాడంటే సగం గెలిచినట్టే. నా పదిహేనో ఏటికల్లా ఆ మెలిక నా నాలుక చివర ఉండేది. అదే మెలిక తిరిగి వాదించినవాళ్ళ మెడకే పడవచ్చునని ఆ వరండాలో ఎవరూ నాకు చెప్పలేదు.

ఉద్యోగం బందరులో. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. చేపలు, రొయ్యలు ఎగుమతి చేసేవాళ్ళ సరుకును పరీక్షించే చిన్న ప్రైవేటు లాబొరేటరీ అది. చెరువుల్లో చేపలకు బూజు పట్టకుండా మలకైట్ గ్రీన్ అనే పచ్చరంగు మందు పోసేవారు. ఆ రంగు చేప కండలో మిగిలిపోతే పైదేశాలవాళ్ళు సరుకంతా తిప్పి పంపేవారు. కండలో దాన్ని పట్టుకోవడం మా పని. చేపను నూరి, పిండి తీసిన రసంలో కొవ్వు, ఉప్పు, మాంసకృత్తులు, నానా చెత్తా ఉంటుంది. అదంతా యంత్రంలోకి పంపితే యంత్రం గొంతు పూడుకుపోతుంది. అందుకని ముందు రసాన్ని శుభ్రం చేయాలి. దానికి వేలెడు ప్లాస్టిక్ గొట్టాలు వచ్చేవి. మేము గొట్టాలనే అనేవాళ్ళం. డబ్బా మీద మాత్రం మిక్స్‌డ్ మోడ్ కాట్రిడ్జ్ అని ఉండేది.

గొట్టం అడుగున చిటికెడు తెల్లపొడి. ఆ పొడికి రెండు రకాల పట్టు ఉంటుంది. ఒకటి జిడ్డుకు జిడ్డు అంటుకునే పట్టు. అది వదులైనది. రెండోది విద్యుదావేశంతో పట్టే పట్టు. అది గట్టిది. మనం వెతికే మందు క్షారగుణం కలదైతే, రసంలో ముందు ఆమ్లం వేయాలి. ఆమ్లంలో మందుకు ధనావేశం వస్తుంది. పొడిలోని రుణావేశం దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత ఆమ్లపు నీళ్ళతో ఒక కడుగు, మెథనాల్‌తో ఒక కడుగు. వదులుగా అంటుకున్న చెత్తంతా మెథనాల్‌తో కొట్టుకుపోతుంది. చివర అమ్మోనియా కలిపిన మెథనాల్ పోస్తే ఆవేశం పోయి మందు పట్టు విడిచి కిందికి దిగుతుంది. ఆ చివరి చుక్కల్నే యంత్రంలోకి పంపాలి. కడుగు నీళ్ళు చెత్త డబ్బాలోకి.

ఆ పని నాకు ఒక న్యాయస్థానంలాగా కనిపించేది. ఉన్నదాన్ని పట్టుకుంటుంది, లేనిదాన్ని కడిగేస్తుంది. సభల్లో ఈ గొట్టాన్ని జేబులోంచి తీసి చూపించేదాన్ని కూడా.

హంసలదీవి దగ్గర సముద్రం మీద బతికే ఒక పల్లెలో అలాగే చూపించాను. అక్కడ నన్ను నెత్తురు టీచరమ్మ అన్నారు. ఆ పేరు పెట్టినావిడ ముందు వరసలో కూర్చున్న ఒక విధవరాలు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని అవనిగడ్డ దాకా అమ్ముకొచ్చే మనిషి. నలభై దాటి ఉంటాయి. గుడ్డ మీది నెత్తురు నిమ్మరసానికి పోగానే ఆవిడే అందరికంటే ముందు అంది:

"ఓ నెత్తురు టీచరమ్మా, ఆ నిమ్మకాయేదో మా ఆయన బతికుండగా తేవాల్సింది. రోజూ తాగొచ్చే దెయ్యం దిగేదేమో."

పల్లె పల్లెంతా నవ్వింది. పక్కనే నిలబడ్డ కులపెద్ద కూడా మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ ఊపులో నేను గొప్ప మాట ఒకటి అన్నాను. మాయరోగం అన్నది లేదు, మనిషి ఉన్నట్టుండి మారిపోయాడంటే ఒంట్లోకి ఏదో పోయి ఉండాలి, పోయింది మూత్రంలో దొరికి తీరుతుంది, మా గొట్టం దాన్ని పట్టుకుంటుంది అన్నాను. ఆవిడ తల ఊపుతూ విన్నది. అది సభలో చప్పట్ల కోసం చెప్పిన మాటగా నేను మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం ఆవిడ మా లాబొరేటరీ గుమ్మంలో నిలబడింది. చేతిలో చేపల ఐసు పెట్టె. ఐసులో గుచ్చి గోధుమరంగు దగ్గుమందు సీసా.

ఆవిడ చెప్పింది విని నేను నోట్సు రాసుకున్నాను. ఆవిడ మరిది, అంటే చనిపోయిన భర్త తమ్ముడు, చాలా ఏళ్ళుగా ఉబ్బసం మనిషి. గురువారం పొద్దున వదిన ఇంట్లో చేపల పులుసు తిన్నాడు. మధ్యాహ్నానికి నోరు పిడచకట్టుకుపోయింది. వెలుతురు చూడలేకపోయాడు. కనుపాపలు నల్లగా కంటినిండా విచ్చుకున్నాయి. పెళ్ళాన్ని గుర్తుపట్టలేదు. నట్టింట్లో కూర్చుని లేని వలను లాగడం మొదలుపెట్టాడు. చేతికి చేయి మార్చి, పడవలో ఉన్నట్టే, కాళ్ళు తన్నిపట్టి లాగుతున్నాడట. ఇంకా రాలేదు, బరువుగా ఉంది, పట్టండ్రా, అంటున్నాడట. శుక్రవారం సాయంత్రానికి పల్లెలో మాట పుట్టింది. వదిన పులుసులో చేతబడి పెట్టింది, పడవలో వాటా విషయమై ఇద్దరికీ పడదు కదా, అని. ఆ రాత్రే అతన్ని అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైను ఎక్కించారు, రోగమేమిటో అక్కడ తేలలేదు.

ఏదైనా మందు వాడుతున్నాడా అని అడిగాను. ఉబ్బసానికి ఒక నాటువైద్యుడు ఇచ్చిన పొడి బుధవారం నుంచి మింగుతున్నాడని చెప్పింది. పొట్లం ఖాళీ అయింది, కాగితం పొయ్యిలోకి పోయింది. నాకు వెంటనే అర్థమైంది. ఉమ్మెత్త. ఉబ్బసానికి ఉమ్మెత్త ఆకు పొగ పట్టడం పాత వైద్యమే. గింజలు నూరి మింగిస్తే మనిషి ఇలాగే అవుతాడు. ఉమ్మెత్తలోని విషం గట్టి క్షారగుణం కలది. మా గొట్టానికి సరిగ్గా సరిపోయే సరుకు.

సీసా ఎవరు పట్టారని అడిగాను.

"నా తోటికోడలే పట్టింది. ఆసుపత్రి సెలైను ఎక్కకముందే పట్టమన్నాను. నేను ముట్టుకోలేదమ్మా. రేపు నేనే ఏదో కలిపానంటారు. దాని చేత్తోనే మూత పెట్టించి, దాని చేత్తోనే ఐసులో పెట్టించాను. పెట్టె మోశానంతే."

సాక్ష్యం ఎలా ఉండాలో మా సంఘంలో చాలామందికి అంత స్పష్టంగా తెలియదు. ఆవిడ భయపడుతున్నట్టు కూడా లేదు. సోమవారం పొద్దున పెద్దలు కూర్చుంటారట. తప్పు తేలితే పల్లె విడిచిపొమ్మంటారు. ఇల్లు పోతుంది, భర్త పేరున ఉన్న పడవలో వాటా పోతుంది, సముద్రం ఒడ్డున చేపలు ఆరేసుకునే జాగా పోతుంది. పోలీసులకు చెబుదామా అన్నాను. జీపు వచ్చిందంటే ఆ కోపం కూడా నా మీదే తీర్చుకుంటారు, వద్దమ్మా, కాగితం ఇవ్వండి చాలు, అంది.

అప్పుడు నేను నా వరండా తెలివి చూపించాను. పల్లెలో ఉన్న ఒక్క ఫోను కిరాణా కొట్లో ఉండేది. అక్కడికి కులపెద్దను పిలిపించాను. యంత్రం ఏం చెబితే దానికి కట్టుబడతారా, ముందు చెప్పండి, అని అడిగాను. ఆయన చాలా మర్యాదగా అన్నాడు:

"మీరు చదువుకున్నోళ్ళు. మీరు చెప్పిందానికి కట్టుబడతామండీ. మరి మీరూ కట్టుబడతారా?"

తప్పకుండా, అన్నాను. ఫోను పెట్టేసి ఆవిడ వైపు చూసి నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది. ఖాళీ ఐసు పెట్టె తీసుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

ఆదివారం లాబొరేటరీకి సెలవు. మా సీనియర్ తాళాలు ఇచ్చి తనూ వచ్చి కూర్చున్నాడు. ఆయనదీ గుడివాడే. చుట్టరికం ఏమీ లేకపోయినా ఊరు ఒకటే కాబట్టి బావగారూ అని పిలిచేదాన్ని. మందుల షాపులో కంటి చుక్కల సీసా కొన్నాను. కళ్ళ డాక్టర్లు కనుపాప విచ్చుకోవడానికి వేసే చుక్కల్లో ఉండేది ఉమ్మెత్తలోని మందే. దాన్ని యంత్రంలోకి పంపితే, యంత్రం కాగితం మీద గీసే గీత ఎక్కడ శిఖరంలా లేస్తుందో తెలిసింది. ఇక సీసాలోది పంపి అదే చోట గీత లేస్తుందేమో చూడడమే.

డబ్బాలో మూడు గొట్టాలే ఉన్నాయి. ఒకటి మంగళవారం వచ్చే చేపల కోసం ఉంచాలి. బావగారు ఒక మాట అన్నాడు. ఒక గొట్టంలో సీసాలోది పోసి చూడు. ఇంకో గొట్టంలో సీసాలోదానికే కంటి చుక్క ఒకటి కలిపి పోసి చూడు. కలిపింది తిరిగి వస్తేనే, కలపనిది రాలేదని రాసే హక్కు నీకుంటుంది. నేను ఒప్పుకోలేదు. సీసాలో ఉన్నదే కొంచెం, అంతా వాడేస్తే ఎలా, నీళ్ళలో చుక్క కలిపి చూస్తాను అన్నాను.

"నీళ్ళకి రోగం లేదుగా మరదలా," అన్నాడు పేపరు తిప్పుతూ.

నీళ్ళలో కలిపింది చక్కగా తిరిగి వచ్చింది. గొట్టం బాగానే ఉంది, నా చేయీ బాగానే ఉంది అనుకున్నాను.

గోధుమరంగు సీసాలోంచి బీకరులోకి వంచితే ఎర్రగా వచ్చింది. అడుగున కొంచెం మడ్డి. నేను ఏమనుకున్నానో నోట్సులో ఇప్పటికీ ఉంది. రక్తం కలిసినట్టుంది, మూత్రపిండాలు దెబ్బతిని ఉండవచ్చు, అని రాశాను. నెత్తురు టీచరమ్మ నెత్తురు అనే రాసింది. రోజూ వేసే లెక్కన ఆమ్లం నాలుగు చుక్కలు వేశాను. పీహెచ్ కాగితం ముంచి చూడలేదు. చేపల రసంలో నాలుగు చుక్కలు ఎప్పుడూ సరిపోయేవి. గొట్టంలో పోస్తే పొడి మీద ఎర్రటి వలయం ఒకటి కట్టింది. రక్తపు జిగురు పట్టింది, ఇది కడగాలి ముందు, అనుకుని ఆమ్లపు కడుగు దాటేసి నేరుగా మెథనాల్ పోశాను. మెథనాల్ ముదురు పసుపు రంగులో కిందికి దిగింది. దాన్ని చెత్త డబ్బాలో పోశాను. అమ్మోనియాతో దింపిన చివరి చుక్కల్ని యంత్రంలోకి పంపాను.

గీత లేవలేదు. మళ్ళీ పంపాను. చదునుగా పోయింది.

నాకు బాధ కలిగింది. కానీ ఆ బాధ కింద గర్వం కూడా ఉంది, దాచుకోను. చూశారా, నాకు నచ్చని ఫలితం వచ్చినా దాచను, ఇదే మాకూ మాంత్రికులకీ తేడా, అనుకున్నాను. లాబొరేటరీ పేరు లేని తెల్లకాగితం మీద రాశాను: పరీక్షించిన నమూనాలో ఉమ్మెత్త విషం కనబడలేదు. బావగారు చదివి, ఒక్కసారి చేసి రాసేస్తున్నావే, అన్నాడు. రేపు పొద్దున్నే పెద్దలు కూర్చుంటారు, ఆపడానికి లేదు, అన్నాను.

సోమవారం తొలి బస్సుకు బయలుదేరాను. పల్లెకు చేరేసరికి తెలిసింది, మరిది ఆదివారం సాయంత్రమే పోయాడు. చివరిదాకా వల లాగుతూనే ఉన్నాడట. ఇసుకలో చాపలు పరిచి పెద్దలు కూర్చున్నారు. ఆవిడ ఒక పక్కన నిలబడి ఉంది. నన్ను చూడగానే ముఖం తేటపడింది. నేను తల దించుకున్నాను. ఆ ఒక్క కదలికతో ఆవిడకు అర్థమైందనుకుంటాను.

కాగితం చదివాను. కనబడలేదు అంటే లేదని కాదు, మా పద్ధతికి దొరకలేదని, మూత్రంలోంచి ముందే పోయి ఉండవచ్చని, ఇంకా చాలా కారణాలు ఉండవచ్చని చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే సాకుల్లాగా వినిపించాయి. కులపెద్ద చివరిదాకా విన్నాడు. మీరే కదండీ అడిగారు, కట్టుబడతారా అని, కట్టుబడ్డాం, అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. ఉంటే నాకు కోపం వచ్చేది, కోపంలో ఏదో ఒకటి వాదించేదాన్ని. ఒంట్లోకి ఏమీ పోలేదని మీ యంత్రమే చెప్పింది, మరి ఏమీ పోకుండా మనిషి అలా అయ్యాడంటే ఏమిటో మీరే చెప్పండి, అన్నాడు. మాయరోగం లేదు, ఒంట్లోకి ఏదో పోవాల్సిందే అని నాలుగు నెలల కిందట నేను చెప్పిన వాదాన్నే తలకిందులు చేసి నా ముందు పెట్టాడు.

పొద్దు గుంకేలోగా పల్లె విడిచి పొమ్మన్నారు. ఆవిడ ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది.

"సరిగ్గా చూశారా అమ్మా?"

"చూశాను," అన్నాను.

బస్సు ఎక్కడానికి కరకట్ట మీదుగా నడుస్తుంటే వెనక నుంచి చనిపోయిన మనిషి భార్య వచ్చింది. రాకూడని మనిషి, ఆ రోజు ఇల్లు కదలకూడదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా మాట్లాడింది. తోటికోడలు అలాంటిది కాదని తనకూ అనిపిస్తుందట, కానీ నలుగురిలో అనలేదట. తర్వాత అంది:

"ఆ సీసాలో నేను పసుపూ సున్నం చిటికెడు వేశానమ్మా. ఒంట్లోది బయటికి పోతంది కదా, ఎవరి చేతిలో పడుద్దో, దాని మీద ఎవరేం చేత్తారో అని. దిష్టి నీళ్ళల్లే చేసి పంపాను. తప్పేం లేదుగా?"

నేను కరకట్ట మీద ఆగిపోయాను. వెంట్రుకలు, గోళ్ళు, మూత్రం, మనిషి ఒంట్లోవి పరాయి చేతికి పోతే వాటి మీద ప్రయోగం చేస్తారని ఆ పల్లెలో పసిపిల్లలకూ తెలుసు. నాకూ తెలుసు. దాని మీద ఉపన్యాసాలు ఇచ్చాను. భర్త మూత్రాన్ని బందరు పంపుతున్న భార్య దానికి కాపలా పెట్టకుండా పంపుతుందని ఎలా అనుకున్నాను? సీసాలో ఎరుపు కనిపిస్తే నిమ్మచెక్క గుర్తు రాలేదేం? వేదిక మీద వందసార్లు చేసిన పని అది. వేదిక మీద అది మాంత్రికుడి మోసం. నా బల్ల మీద ఉన్నది నా కొలతలు, నా ఆమ్లం, నా గొట్టం. అక్కడికి పసుపూ సున్నం వస్తాయని నా బుర్రకు తట్టలేదు.

తప్పేం లేదమ్మా అని ఆమెతో చెప్పాను. నిజానికి ఆమె తప్పేమీ లేదు.

మంగళవారం లాబొరేటరీలో ఫ్రిజ్‌లోంచి సగం మిగిలిన సీసా తీశాను. పీహెచ్ కాగితం ముంచితే ముదురు నీలం. సున్నంలో ఆ విషానికి ఆవేశం రాదు. ఆవేశం లేకపోతే గట్టి పట్టు ఉండదు. పైగా సున్నంలోని కాల్షియం పొడిలోని ఆ చోట్లన్నీ ముందే ఆక్రమించుకుని కూర్చుంటుంది. వదులు పట్టుతో అంటుకున్న కాస్త విషాన్ని నేనే మెథనాల్‌తో కడిగి చెత్త డబ్బాలో పోశాను. ఆ ముదురు పసుపు రంగు కళ్ళ ముందు దిగుతుంటే చూస్తూ పోశాను. మిగిలిన గొట్టం ఒక్కటే, అది చేపలది. బావగారు నా ముఖం చూసి డబ్బా నా వైపు జరిపాడు. చేపలు చచ్చాకే కదా మన దగ్గరికి వస్తాయి, ఆగుతాయి, అన్నాడు.

నీళ్ళు కలిపి పలచన చేశాను. ఎరుపు పోయి పసుపు తిరిగేదాకా ఆమ్లం వేశాను. కాగితంతో మూడుసార్లు చూసుకున్నాను. మడ్డి వడగట్టి, ఏ కడుగూ దాటకుండా చేశాను. సున్నం ఎక్కువ కాలం ఉంటే ఆ విషం విరిగిపోతుంది. వేసింది చిటికెడే కాబట్టి, చేపల ఐసులో వచ్చింది కాబట్టి కొంత మిగిలింది. కంటి చుక్కల గీత ఎక్కడ లేచిందో సరిగ్గా అక్కడే గీత లేచింది. చిన్నదే. కానీ అనుమానం అక్కర్లేనంత నిటారుగా లేచింది.

బుధవారం ఆ రెండో కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆవిడ ఇంటి తడికలు పీకేశారు. చేపలు ఆరేసే పందిరి కాల్చేశారు. నాలుగు నల్లటి గుంజలు ఇసుకలో నిలబడి ఉన్నాయి. ఆవిడ ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు. కులపెద్దకు జరిగింది జరిగినట్టు చెప్పాను, నా తప్పేమిటో కూడా చెప్పాను. ఆయన కాగితాన్ని చాలాసేపు చూశాడు. చదవడం రాదు, గీతను చూశాడు.

"మొన్న లేదన్నారు, ఇవాళ ఉందంటన్నారు. మొన్నటిది నిజమా, ఇవాళ్టిది నిజమా, మాకెట్టా తెలుద్దండీ? ఒక పని చేయండి. గంగమ్మ గుళ్ళో దీపం మీద చెయ్యేసి, ఈ కాగితంలోది నిజమని ప్రమాణం చేయండి. ఆమెను రేపే రానిత్తాం."

నేను ప్రమాణం చేయలేదు. బదులుగా ఉపన్యాసం ఇచ్చాను. దీపానికి నిజం తెలియదని, అబద్ధం చెప్పినవాడి చెయ్యీ కాలదు, నిజం చెప్పినవాడి చెయ్యీ కాలదని, ప్రమాణాల మీద నడిచే న్యాయం ఎంతమంది అమాయకుల్ని బలి తీసుకుందో చెప్పాను. చాలా బాగా మాట్లాడాను. ఒక్క మాట తడబడలేదు. కులపెద్ద విని, మీ ఇష్టమండీ, అన్నాడు. బస్సులో కూర్చున్నాక కూడా నేను చేసింది సరైనదే అనుకున్నాను. మా సంఘంలో చెబితే భుజం తట్టారు.

మూడు నెలల తర్వాత చిలకలపూడిలో ఆవిడ కనబడింది. గిల్టు నగలు చేసే ఒక ఇంటి వెనక, వరసగా పెట్టిన ప్లాస్టిక్ టబ్బుల ముందు కూర్చుని ఉంది. మొదటి టబ్బులో ఆమ్లం నీళ్ళు, తర్వాతి దాంట్లో కుంకుడు రసం, ఆపైన మంచినీళ్ళు. గొలుసుల గుత్తుల్ని ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మారుస్తోంది. వేళ్ళ చివర్లు పాలిపోయి పగిలి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి పీట జరిపింది. నెత్తురు టీచరమ్మ అనలేదు.

రెండో కాగితం ఇచ్చాను. సీసాలో పసుపూ సున్నం సంగతి చెప్పాను. కడుగులో పారబోసిన సంగతి చెప్పాను. తడి చేతులు చీరకు తుడుచుకుని కాగితం తీసుకుంది, మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుంది. పల్లె నుంచి చేపలు తెచ్చేవాళ్ళు చెప్పారు, దీపం మీద ప్రమాణం చేస్తే రానిస్తామన్నారటగా, అని అడిగింది. అన్నారు, అన్నాను.

"చేయలేదా?"

నేను కారణం చెప్పబోయాను. ఆవిడ ఆపలేదు, విన్నది. అంతా విన్నాక గొలుసులు మళ్ళీ టబ్బులో ముంచుతూ అంది:

"నేనైతే చేసేదాన్నమ్మా. అబద్ధం కాదుగా."

ఆ మర్నాడు నేను హంసలదీవి బస్సెక్కాను. గంగమ్మ గుళ్ళో దీపం మీద చెయ్యి పెట్టాను. ఆ కాగితంలో ఉన్నది నిజమని ప్రమాణం చేశాను. మా నాన్నకు గానీ, సంఘంలో గానీ ఈ మాట ఇన్నేళ్ళూ చెప్పలేదు. కులపెద్ద, ఇంకో ముగ్గురు చూశారు. చెయ్యి కొంచెం వేడెక్కింది, అంతే. రమ్మని చెప్పండి, తడికలు మేమే వేసిపెడతాం, అన్నాడాయన. చనిపోయిన మనిషి భార్య దూరంగా నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తిరిగి వస్తూ బందరులో దిగగానే నేరుగా చిలకలపూడి వెళ్ళాను. గెలిచి వస్తున్నట్టు వెళ్ళాను. ప్రమాణం చేశాను, రమ్మన్నారు, అని చెప్పాను. ఆవిడ చేతిలో గుత్తి అలాగే ఆగిపోయింది. ముఖంలో సంతోషం కోసం వెతికాను.

"కాగితం చూసి రమ్మన్నారా, దీపం చూసి రమ్మన్నారా?" అంది.

నేను నోరు తెరిచేలోపే మళ్ళీ ఆవిడే అంది:

"దీపం చూసే అయితే, రేపు ఇంకెవరో అదే దీపం మీద చెయ్యేసి నేనే పెట్టానంటారు. మళ్ళీ పందిరి కాలుస్తారు." గుత్తిని కుంకుడు రసంలోకి వదిలింది. "కాగితం చూసి రమ్మన్నప్పుడు చెప్పండమ్మా, వత్తాను."

కాగితం చూసి ఎవరూ రమ్మనలేదు. ఆ తర్వాత అయిదారుసార్లు వెళ్ళి చెప్పాను, వాళ్ళు ప్రతిసారీ ప్రమాణం అయిపోయిందిగా, ఇంకేంటండీ, అన్నారు. ఆవిడ చిలకలపూడిలోనే ఉండిపోయింది. నేను సభలకు వెళ్ళడం మానలేదు. పసుపు గుడ్డ, సున్నపు తేట సంచీలోనే ఉంటాయి. ఇప్పుడు గుడ్డ మీద ఎరుపు పడ్డాక నిమ్మచెక్క పిండను. ఇదేమిటో చెప్పండి అని ముందు వాళ్ళను అడుగుతాను. ఎవరూ నవ్వరు. చాలామంది నెత్తురనే చెబుతారు.